పిడికెడు గింజల సంఘం



ఢిల్లీ నుంచి ఘజియాబాద్ దాటి హాపుర్, బులంద్‌శహర్ దారి పడితే ఏప్రిల్ నెలలో ఇప్పటికీ గోధుమ చేలు తగులుతాయి. అపార్ట్‌మెంట్ల వరుస ఆగిన చోట పొలం మొదలవుతుంది, కాసేపటికి మళ్ళీ ఇంకో కాలనీ వస్తుంది. బైశాఖీ నాటికి, అంటే ఏప్రిల్ 13, 14 తేదీల నాటికి, కోతలు ముమ్మరంగా ఉంటాయి. ఈస్టరు పండుగ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఏదో ఒక ఆదివారం పడుతుంది. ఈ ప్రాంతపు పల్లె క్రైస్తవుల్లో ఎక్కువమంది తరతరాలుగా కూలి చేసుకుని బతికినవాళ్ళు. ఏడాదిలోకెల్లా పెద్ద ఆరాధన, ఏడాదిలోకెల్లా పెద్ద పని వాళ్ళ మీదికి ఇంచుమించు ఒక్కసారే వచ్చిపడతాయి.

కోతకు పోవలసినవాళ్ళే గుడికీ రావాలి. ఎండెక్కాక కొడవలి పట్టిన మనిషిని ఆరాధనకు రమ్మంటే ఎలా వస్తాడు? ఈస్టరు నాడు ఇంకా మసకచీకటి ఉండగానే కూడుకోవడం లోకమంతటా ఉన్న ఆచారం. స్త్రీలు వేకువనే ప్రభువు సమాధి దగ్గరికి వెళ్ళారని సువార్తలు చెబుతాయి కదా! ఆ ఆచారం ఈ పల్లెలకు చక్కగా కలిసివచ్చింది. పాటలు, ప్రార్థన, వాక్యం, చివర తలా ఒక గ్లాసు టీ. పొద్దు పైకొచ్చేసరికి ఎవరి పనికి వాళ్ళు.

ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న మెథడిస్టు పల్లె సంఘాల సంగతి మాట్లాడుకునేటప్పుడు ఈ కోతల లెక్క నుంచే మొదలుపెట్టాలి. పండుగల పట్టిక క్రైస్తవ లోకానికంతటికీ ఉమ్మడిదే. దాన్ని ఏ వేళకు జరపాలి, ఎలా జరపాలి, కానుక ఏ రూపంలో తేవాలి అన్నవి మాత్రం ఇక్కడి పొలాలు, ఇక్కడి కూలి నిర్ణయించాయి.

మెథడిస్టు ఉద్యమం పుట్టిందే కష్టజీవుల మధ్య. ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ అనే చోట బొగ్గుగని కార్మికులు ఉండేవారు. 1739లో ఈ ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ గుడి గోడలు దాటి బయలు ప్రదేశంలో వాక్యం చెప్పడం మొదలుపెట్టింది ఆ చుట్టుపక్కలే. మూడేళ్ళ తర్వాత, 1742లో, బ్రిస్టల్ మందిరం మీద ఉన్న అప్పు తీర్చే మార్గం కోసం సభ్యులు కూర్చున్నారు. ఒక్కొక్కరు వారానికి ఒక్క పెన్నీ ఇవ్వాలని ఒకరు సూచించారు. అంత కూడా ఇచ్చుకోలేని పేదలున్నారు కదా అని మరొకరు అడిగారు. పన్నెండుమందిని ఒక జట్టుగా చేయండి, ఆ జట్టు బాధ్యత ఒకరికి అప్పగించండి, ఇవ్వలేనివాళ్ళ వంతు ఆ నాయకుడే భరిస్తాడు అని జవాబు వచ్చింది. ఆ నాయకుడు వారం వారం ఇంటింటికీ తిరిగి పెన్నీలు పోగుచేస్తుంటే ఒక్కో ఇంటి కష్టసుఖాలు తెలిసివచ్చాయి. ఎవరు జబ్బుపడ్డారు, ఎవరు తాగి భార్యను కొడుతున్నారు, ఎవరికి పని పోయింది అన్నవన్నీ సంఘం దృష్టికి వచ్చాయి. అప్పు వసూలు కోసం పుట్టిన ఏర్పాటు అలా 'క్లాస్ మీటింగ్' అయింది, మెథడిస్టు సంఘానికి వెన్నెముక అయింది.

ఇలాంటిదే ఇంకొకటి. 1869 మార్చిలో అమెరికాలోని బోస్టన్‌లో, గాలివాన కురుస్తున్న రోజున, కొద్దిమంది మెథడిస్టు స్త్రీలు కూడి మిషనరీ సమాజం స్థాపించారు. వారానికి రెండు సెంట్లు, దానితోపాటు ఒక ప్రార్థన: వాళ్ళు పెట్టుకున్న నియమం ఇది. ఆ చిల్లర డబ్బులతోనే 1870 జనవరిలో ఇద్దరు స్త్రీలు భారతదేశం చేరారు. ఒకరు ఇసబెల్లా థోబర్న్, లక్నోలో ఆమె మొదలుపెట్టిన చిన్న బడి తర్వాత ఆమె పేరుతోనే కళాశాల అయింది. రెండోవారు డాక్టర్ క్లారా స్వేన్. బరేలీలో స్త్రీల కోసం ఆసుపత్రి నడిపిన వైద్యురాలు. దానికి స్థలం ఇచ్చింది రాంపూర్ నవాబు.

బరేలీ పేరు ఊరికే రాలేదు. అమెరికన్ మెథడిస్టుల భారతీయ చరిత్ర అక్కడే మొదలవుతుంది. విలియం బట్లర్ 1856 చివర్లో బరేలీ చేరాడు. ఇంకా ఇల్లూ వాకిలీ కుదురుకోకముందే, 1857 మే 31న, సిపాయిల తిరుగుబాటు ఆ ఊరిని అంటుకుంది. బట్లర్ కుటుంబం నైనిటాల్ కొండలెక్కి ప్రాణాలు దక్కించుకుంది. మెథడిస్టుల తొలి కార్యక్షేత్రం గంగకు తూర్పున రోహిల్‌ఖండ్, అవధ్. గంగ దాటి పడమటికి, అంటే మీరట్, బులంద్‌శహర్, ఢిల్లీ వైపు పని విస్తరించింది తర్వాతి దశాబ్దాల్లో. 1893 నాటికి ఈ పడమటి ప్రాంతానికి వాయవ్య భారత కాన్ఫరెన్సు అని వేరే పాలనా విభాగమే ఏర్పడింది.

ఆ దశాబ్దాల్లో జరిగింది మామూలు మార్పు కాదు. పట్టణాల్లో ఒక్కొక్కరికీ బోధించి ఒక్కొక్కరినీ చేర్చుకోవాలని వచ్చినవాళ్ళ దగ్గరికి పల్లెల నుంచి వాడలకు వాడలు కదిలివచ్చాయి. వచ్చినవాళ్ళు ఎక్కువగా ఆనాడు చూహ్రా, లాల్‌బేగీ అని పిలిపించుకున్న పాకీపనివాళ్ళు. నేడు వాల్మీకి అన్న పేరుతో గౌరవంగా చెప్పుకునే సమాజం. నిర్ణయం ఏ ఒక్కరిదీ కాదు. వాడ నాయకుడైన చౌధరీ పిలిస్తే పెద్దలు వేపచెట్టు కిందో రచ్చ మీదో కూర్చుని మాట్లాడుకుని, బంధువుల ఊళ్ళకు కబురంపి, అందరూ కలిసి బాప్తిస్మం తీసుకున్న వాడలు ఎన్నో. ఈ సామూహిక ఉద్యమాలను తెలుగు ప్రాంతాలతో సహా దేశంలో పలుచోట్ల పరిశీలించి మెథడిస్టు మిషనరీ వాస్కమ్ పికెట్ 1933లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ఆయన తర్వాత బిషప్పు అయ్యాడు. కూడు కోసం చేరారన్న తేలిక మాట ఆ రోజుల్లో అందరి నోటా ఉండేది. ఆ ప్రజలను కూర్చోబెట్టి ఎందుకు చేరారని స్వయంగా అడిగించిన పుస్తకం అది. మాల మాదిగ పల్లెల్లో బాప్టిస్టు, లూథరన్, వెస్లియన్ సంఘాలు ఎలా పెరిగాయో తెలిసిన తెలుగువారికి ఇందులో కొత్త ఏమీ లేదు. అదే ఆకలి, అదే అవమానం, మనిషిగా నిలబడాలన్న అదే పట్టుదల.

ఒక పాస్టరు కింద పది పదిహేను పల్లెలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఆయన ప్రతి ఊరికీ ప్రతి ఆదివారం రాలేడు. మిగిలిన ఆదివారాల్లో సంఘాన్ని నడిపింది వాడలోని మనుషులే. చౌధరీలనే సంఘ సేవకులుగా తీర్చిదిద్దాలని మీరట్ ప్రాంతపు మెథడిస్టులు ప్రయత్నించారు. వెస్లీ కాలపు జట్టు నాయకుడికీ ఈ చౌధరీకీ పెద్ద తేడా లేదు. ఇద్దరూ జీతం లేనివాళ్ళు, ఇద్దరికీ ప్రతి ఇంటి గుట్టూ తెలుసు.

చాలా పల్లెల్లో గుడి అంటే కట్టడమే లేదు. మట్టితో అలికిన వాకిలి, పెద్దవాళ్ళకు నులకమంచం, పాస్టరు గారికి అరువు తెచ్చిన కుర్చీ. డోలక్, చిమటా, ఖర్తాల్ ఉంటే ఆరాధనకు కావలసినవన్నీ ఉన్నట్టే. హిందీ భజనలతోపాటు పంజాబీ జబూర్లు కూడా ఉత్తరాది వాడల్లో మారుమోగాయి. దావీదు కీర్తనలు నూట యాభైనీ పంజాబీ పాటలుగా మలిచిన పాస్టరు ఇమాముద్దీన్ షాబాజ్ ఆ పని పూర్తికాకముందే చూపు కోల్పోయాడు. అయినా ఆపకుండా, పక్కనున్నవాళ్ళు చదివి వినిపిస్తుంటే చెబుతూ రాయించాడు. ఆయన ప్రెస్బిటేరియన్. పాటకు మాత్రం శాఖాభేదం లేదు. పురుషోత్తమ చౌదరి కీర్తనలను మన దగ్గర బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్సై వాళ్ళు అందరూ తమవిగానే పాడుకోవడం లేదూ? చదువురాని స్త్రీలకు పాటే బైబిలు. బైబిలు స్త్రీలు వాడ వాడకూ తిరిగి ఒక్కో చరణం నేర్పితే, పెళ్ళిపాటలు అందుకున్నంత సులువుగా ఆ ఇల్లాళ్ళు అందుకున్నారు.

ఇక కానుక సంగతి. పల్లె వృత్తి కులాలకు కూలి నెలనెలా డబ్బుగా అందేది కాదు. పంటకోసారి, రబీకీ ఖరీఫ్‌కీ, రైతు కళ్ళంలో ఇంత ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. రోజువారీ పనికి ఇంటింటా రెండు రొట్టెలు. వాళ్ళు దేవుడికి ఇవ్వగలిగిందీ ధాన్యమే. వైశాఖంలో గింజ చేతికొస్తే సంఘానికీ గింజ వచ్చింది, రాకపోతే పాస్టరు ఇంట్లోనూ పస్తే. తెలుగు పల్లెల్లో ఇల్లాలు అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది. వారం తిరిగేసరికి ఏడెనిమిది పిడికిళ్ళయ్యేవి. ఆదివారం కొంగున కట్టుకుని గుడికి తెచ్చేది. బ్రిస్టల్ పెన్నీ, బోస్టన్ రెండు సెంట్లు, మెదక్ పిడికెడు బియ్యం, మీరట్ గోధుమ గింజలు ఒకే కోవలోవి. మిషనరీల విరాళాల లెక్కలు పుస్తకాలకెక్కాయి. ఈ పిడికిళ్ళ లెక్క ఎక్కడా రాయలేదు. పల్లె సంఘం నిలబడింది మాత్రం వీటి మీదే అని గట్టిగా చెప్పవచ్చు.

ఈ ఇవ్వడమంతా ఒక్కరోజున కళ్ళకు కట్టేది పంట పండుగలో. కొన్ని సంఘాలు రబీ తర్వాత, కొన్ని ఖరీఫ్ ఇంటికి చేరాక చేస్తాయి. ఆ ఉదయం ప్రభువు బల్ల చుట్టూ ఖాళీ ఉండదు. గోధుమల గోనెసంచి, చెరకుగడలు, కొత్త బెల్లం దిమ్మలు, కాలీఫ్లవర్లు, ముల్లంగి కట్టలు, సొరకాయలు, గుమ్మడికాయ, కోడిగుడ్లు, కాళ్ళు కట్టిన కోడి. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే ఆ కోడి కూడా గొంతు కలుపుతుంది, పిల్లలు నవ్వు ఆపుకోలేరు. ఆరాధన ముగిసిన వెంటనే వేలంపాట. మాటకారి అయిన ఒక పెద్దమనిషి గుమ్మడికాయ పైకెత్తి పాట మొదలుపెడతాడు. గెలిచినవాడు డబ్బు కట్టి, కాయను తిరిగి బల్ల మీదే పెడతాడు. మళ్ళీ వేలం. అదే కాయ మూడు నాలుగు చేతులు మారి, బజారు ధరకు ఎన్నో రెట్లు పలికి, చివరికి ఎవరో ఒక ముసలమ్మ సంచిలోకి చేరుతుంది. ఒక పిల్లవాడు తెచ్చిన ఒకే ఒక్క గుడ్డు కోసం ఇద్దరు పెద్దవాళ్ళు పంతంగా పాడతారు. తన గుడ్డు అంత పలికిందని ఆ పిల్లవాడి ముఖం వెలిగిపోతుంది. తమ గుడి పైకప్పులో ఎన్ని రేకులు ఇలాంటి కోళ్ళవల్ల, గుమ్మడికాయలవల్ల వచ్చాయో పాతకాపులు వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పగలరు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పంట పండుగలో దేవుడి ముందు ధాన్యం పెట్టినవాళ్ళలో అత్యధికులకు సొంత భూమి లేదు. పరుల పొలంలో కోసి, తమ వంతుగా వచ్చిన దానిలోంచి తీసి ఇచ్చారు. భూస్వామి ఇచ్చే బస్తా కంటే ఇది గొప్పదని సువార్తలోని పేద విధవరాలి కథ తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు.

వానాకాలం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. జులై, ఆగస్టుల్లో బురదదారులు, విషజ్వరాలు, నాట్లు. హాజరు పలచబడుతుంది. దసరా సెలవులు రాగానే మళ్ళీ కదలిక. కచేరీలకు, బడులకు అందరికీ ఒకేసారి సెలవు దొరుకుతుంది కనుక లక్నోలో మెథడిస్టులు దసరా రోజుల్లోనే ఉజ్జీవ కూటాలు పెట్టడం పంతొమ్మిదో శతాబ్దంలోనే అలవాటు చేశారు.

నవంబరు వచ్చిందంటే జాతర్ల కాలం. మీరట్ జిల్లా సర్ధనాలో ఒకప్పటి పాలకురాలు బేగం సమ్రూ కట్టించిన కాథలిక్ దేవాలయం ఉంది. ముఖద్వారం మీది శాసనం 1822 నాటిది. ఏటా నవంబరు రెండో ఆదివారం అక్కడ మేరీ మాత ఉత్సవానికి చుట్టుపక్కల జిల్లాల నుంచి అన్ని మతాలవాళ్ళూ వస్తారు. కాథలిక్కుల పద్ధతి వేరు, మెథడిస్టులది వేరు. మాతకు మొక్కుకోవడం మెథడిస్టు బోధలో లేదు. కానీ కోతలయ్యాక, చలి ముదరకముందు నలుగురూ ఒకచోట చేరాలన్న ఆశ శాఖలు చూసి రాదు.

ఆ ఆశకు మెథడిస్టులు తమ సొంత రూపం ఇచ్చారు. దాన్ని చూడాలంటే తెలంగాణకు రావాలి. వికారాబాద్ దగ్గర ధారూరులో ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు క్రైస్తవ జాతరకు నూరేళ్ళ చరిత్ర ఉంది. తెలంగాణ పల్లెల నుంచే గాక కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. ఒకప్పుడు ఎడ్లబండ్ల బారులు, ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు, రైళ్ళు. చెట్ల కింద గుడారాలు, మూడు రాళ్ళ పొయ్యిలు, పగలూ రాత్రీ ప్రసంగాలు, పాటలు. ఇంటి దగ్గర తీరని సంబంధాలు అక్కడ కుదురుతాయి. ఏడాదిపాటు పలకరింపులు లేని అన్నదమ్ములు ఒకే పందిరి కింద అన్నం తింటారు.

దీని పూర్వరూపం అమెరికాలో ఉంది. 1801లో కెంటకీ రాష్ట్రంలోని కేన్ రిడ్జ్‌లో వేలమంది బండ్లలో వచ్చి, అడవిలో గుడారాలు వేసుకుని, రోజుల తరబడి వాక్యం విన్నారు. ఆ పద్ధతిని మెథడిస్టులు అందిపుచ్చుకుని 'క్యాంప్ మీటింగ్'గా దేశమంతా పాకించారు. అక్కడా వచ్చినవాళ్ళు రైతులే, అక్కడా సాగుపని తెరిపిచ్చినప్పుడే. అది ధారూరులో అచ్చమైన తెలంగాణ జాతర అయింది.

ధారూరు మెథడిస్టు అయితే, అంత దూరంలో లేని మెదక్ సీఎస్సై ఎందుకైంది అని చాలామంది అడుగుతుంటారు. మెదక్‌లో పనిచేసింది బ్రిటిష్ వెస్లియన్ మెథడిస్టులు. చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో కూలీలకు తిండి దొరికేలా మహాదేవాలయం కట్టించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేయించిన సంగతి తెలిసిందే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్సై, ఏర్పడినప్పుడు వాళ్ళు అందులో కలిశారు. వికారాబాద్, జహీరాబాద్ వైపు అమెరికన్ మెథడిస్టులు కలవలేదు. ఉత్తరాదిలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడే ముందు, చర్చలన్నీ పూర్తయ్యాక, అమెరికన్ మెథడిస్టులు వెనక్కి తగ్గారు. 1981లో భారత మెథడిస్టు సంఘంగా స్వతంత్రులయ్యారు. అందువల్ల ఢిల్లీ లోధీ రోడ్డులోని సెంటినరీ మెథడిస్టు చర్చి, తీస్‌హజారీ దగ్గరి క్రైస్ట్ మెథడిస్టు చర్చి, ఘజియాబాద్‌లోని ఇంగ్రహాం ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్‌లోని స్టాన్లీ బాలికల పాఠశాల, ధారూరు జాతర మైదానం అన్నీ ఒకే గొడుగు కిందివి.

డిసెంబరులో ఉత్తరాది పల్లె సంఘం కొత్త బట్ట కట్టినట్టుంటుంది. క్రిస్మస్‌ను అక్కడ 'బడా దిన్' అంటారు. ఆడవాళ్ళు గోడలకు మట్టి మెత్తి, సున్నం వేసి, ముంగిలి అలుకుతారు. కుర్రవాళ్ళు వెదురు బద్దలు వంచి, రంగు కాగితం అతికించి నక్షత్రం కడతారు. పొగమంచులో, ఒళ్ళు వణికే చలిలో తెల్లవారకముందే డోలక్ మోగిస్తూ వీధి వీధీ తిరిగి పాడటాన్ని ప్రభాత్ ఫేరీ అంటారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో దేశభక్తి గీతాలతో తిరిగిన ఫేరీ పేరే ఇది. ఇంటింటా టీ, బెల్లం, వేరుశనగపప్పు. మన క్యారల్స్ బృందాలు రాత్రిపూట తిరిగితే వీళ్ళు వేకువన తిరుగుతారు. పండుగ రోజు వండింది ఇరుగుపొరుగు హిందూ, ముస్లిం ఇళ్ళకూ వెళ్తుంది. వాళ్ళ దీపావళి మిఠాయి, ఈద్ సేమ్యా వీళ్ళ ఇళ్ళకు వచ్చినట్టే.

డిసెంబరు 31 రాత్రి జరిగే వాచ్‌నైట్ ఆరాధన ఇప్పుడు అన్ని శాఖల్లోనూ కనిపిస్తుంది. దాన్ని ఇంత వ్యాప్తిలోకి తెచ్చింది మాత్రం మెథడిస్టులే. కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికులు ఒకప్పుడు శనివారం రాత్రులు సారాకొట్లో గడిపేవారు. మారుమనస్సు పొందాక ఆ రాత్రులనే ప్రార్థనకు కేటాయించుకున్నారు. వెస్లీ దాన్ని మెచ్చి మిగతా సంఘాలకూ చెప్పాడు. ఆయన 1755 ఆగస్టు 11న లండన్‌లో మొదట జరిపించిన నిబంధన ఆరాధన తర్వాత్తర్వాత కొత్త సంవత్సరపు తొలి ఆదివారానికి చేరింది. రానున్న ఏడాదిలో పనున్నా లేకున్నా, ఆరోగ్యమున్నా లేకున్నా నీవాణ్ణే అని సంఘమంతా దేవుడికి మాట ఇచ్చే ఆరాధన అది. రేపు పని దొరుకుతుందో లేదో తెలియని దినకూలీ ఆ మాట పలికినప్పుడు దాని బరువు వేరు.

ఈ సంఘాల కష్టం కూడా చెప్పకపోతే కథ సగమే అవుతుంది. 1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హోదా విస్తరించింది. దళిత క్రైస్తవులకు విస్తరించలేదు. బడిలో చేరేటప్పుడు, మున్సిపాలిటీ ఉద్యోగానికి అర్జీ పెట్టేటప్పుడు మతం అన్న గడి దగ్గర కలం ఆగిపోయే కుటుంబాలు ఎన్నో. కాగితంలో ఒకటి, ఆదివారం పాటలో మరొకటి. ఈ పరిస్థితి ఆంధ్ర, తెలంగాణ దళితవాడలకూ తెలియనిది కాదు. విశ్వాసం మారినంతమాత్రాన ఊరు వాళ్ళను చూసే చూపు మారలేదు, చేసే పనీ మారలేదు. మారనిదాన్ని మారినట్టు లెక్కగట్టడం అన్యాయం. ఈ ప్రశ్నను పరిశీలించేందుకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది.

పొలాలూ తరిగిపోయాయి. 1976లో నోయిడా ఏర్పడింది, 1991లో గ్రేటర్ నోయిడా వచ్చింది. యమున అవతలి పల్లెలు ఒక్కొక్కటే నగరం కడుపులోకి వెళ్ళిపోయాయి. భూమి ఉన్నవాళ్ళకు పరిహారం వచ్చింది. భూమి లేని వాడలకు ఏం వస్తుంది? పొలం పోవడంతో కళ్ళంలో కొలిచే ధాన్యమూ పోయింది. ఆ వాడల పిల్లలు ఇప్పుడు సెక్యూరిటీ గార్డులు, నర్సులు, డెలివరీ కుర్రాళ్ళు, ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళు. ఆదివారం సెలవు కూడా అందరికీ లేదు. వారం మధ్యలో సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో జరిగే కూడికే కొందరికి అసలు ఆరాధన. అక్కడ ముందుండి నడిపించేది ఎక్కువగా స్త్రీలే.

మెథడిస్టు పాస్టరు ఒకచోట స్థిరంగా ఉండడు. వార్షిక కాన్ఫరెన్సు చివర బిషప్పు గారు నియామకాల పట్టిక చదువుతారు. ఎవరి పేరు ఏ ఊరి పక్కన వస్తుందోనని పాస్టర్ల భార్యలు ఊపిరి బిగబట్టి వింటారు. పిల్లల బడి, సామాను సర్దుకోవడం, కొత్త ఊళ్ళో నీళ్ళ సంగతి అన్నీ ఆ ఒక్క పట్టిక మీదే ఉంటాయి. కొత్త పాస్టరు గారు చార్జి తీసుకున్నాక సంఘ పెద్దలతో కూర్చుని ఏడాది పండుగలకు తేదీలు వేసుకుంటారు. బడా దిన్‌కూ ఈస్టరుకూ చర్చ అవసరం లేదు. చర్చంతా పంట పండుగ దగ్గరే. ఒకప్పుడు పెద్దలు గోధుమ ఎప్పుడు ఇంటికొస్తుందో చూసి చెప్పేవారు. నగరంలో కలిసిపోయిన సంఘాల్లో ఇప్పుడు నెల మొదటి వారంలో వచ్చే ఆదివారం చూడమంటారు, జీతాలు అప్పటికి చేతిలో పడతాయి కనుక. ఆ రోజు బల్ల మీద దుకాణంలో కొన్న పిండి సంచులు, నూనె ప్యాకెట్లు, యాపిల్ పెట్టెలు ఉంటాయి. వేలంపాటకు గుమ్మడికాయ మాత్రం ఎవరో ఒకరు మండీకి వెళ్ళి తెస్తారు.